తుఫానొస్తే ఎత్తి లోపల పెట్టుకునే టమాటా

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140–150 కిలోమీటర్ల గాలి. ఉద్దానం ప్రాంతంలోని అక్కుపల్లి తీరం వెంబడి కొబ్బరిచెట్లు మొవ్వులు విరిగి కొన్ని, వేళ్లతో లేచి కొన్ని పడిపోయాయి. జీడితోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకు ఆరేడేళ్లు పడుతుంది. అలాంటి ఉద్దానంలో జానెడు టమాటా మొక్క ముచ్చట వేళాకోళంగా తోచవచ్చు. కానీ కొబ్బరికి లేని సుగుణం ఆ మరుగుజ్జుకి ఒకటుంది. గాలివాన కబురు రాగానే కుండీతో సహా ఎత్తి గదిలో పెట్టేసుకోవచ్చు.

టమాటాది మన నేల మీద కొత్త కాపురమే. టెక్కలి, పలాస ప్రాంతం గంజాం జిల్లాలో ఉన్న రోజుల్లో, 1889–93 మధ్య భారతదేశపు పంటలు, సరుకుల మీద వెలువరించిన నిఘంటువులో వృక్షశాస్త్రవేత్త జార్జి వాట్ దీన్ని ముఖ్యంగా దొరల కోసం పండిస్తున్నారనీ, బెంగాలీలూ బర్మావాళ్లూ పులుసుల్లో వేసుకుంటారనీ రాశాడు. ఈ తీరం నుంచి రంగూనుకు కూలికి వెళ్లినవాళ్లు ఎందరో. మన ఇళ్లలో చింతపండు ఏలుతున్న కాలంలోనే వాళ్లు అక్కడ ఈ పులుపు రుచి చూసే ఉంటారని నా ఊహ.

పొట్టి టమాటా కథ మాత్రం ఫ్రాన్సులో మొదలైంది. 1860ల ప్రాంతంలో లే అనే కోట తోటలో పందిరి అక్కర్లేకుండా నిటారుగా నిలబడే మొక్క ఒకటి కనిపించింది. కాండం మందం, ఆకు ముదురాకుపచ్చ, ముడతలు ముడతలు. విల్మోరాన్ విత్తన సంస్థ దాన్ని లోకానికి పరిచయం చేసింది. 1914లో ఫ్లోరిడాలో మరో వింత మొక్క దొరికింది. తీగ సాగకుండా, కొంత ఎదిగి పూగుత్తితో తనంతట తానే ఆగిపోయే రకం. ఆ తర్వాత వచ్చిన పొట్టి రకాలకు ఈ రెండు లక్షణాలే పెట్టుబడి.

1945లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో ఎ. ఎఫ్. యేగర్ అడుగు, అడుగున్నర మించని 'టైనీ టిమ్'ను తయారుచేశాడు. కిటికీ గట్టుకు సరిపోయే టమాటా అది. 1989లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్, హార్బా 'మైక్రో-టామ్'ను ప్రకటించారు. ఇది మరీ చిన్నది, జానెడే. అలంకారానికి పుట్టింది కాబట్టి రుచి అడగకూడదు. ఎదుగుదలకు కావలసిన బ్రాసినోస్టెరాయిడ్ అనే హార్మోను తయారీలో లోపం దాని పొట్టితనానికి ముఖ్య కారణం. మూడు నెలల్లోపే విత్తు నుంచి పండుకు రావడంతో శాస్త్రవేత్తలు దాన్ని ప్రయోగశాలలోకి తీసుకుపోయారు. జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయంలో దాని విత్తనాల భాండాగారమే ఉంది.

మైక్రో-టామ్ లాంటిదే 'రెడ్ రాబిన్' అనే మరో పొట్టి రకం. అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికే వెళ్లింది. అక్కడ పూలకు పరాగం దానంతట అందక, వ్యోమగాములు చేత్తో సాయం పట్టాల్సి వచ్చింది. అక్కడే ఫ్రాంక్ రూబియో అనే వ్యోమగామి తాను కోసిన టమాటా పండు ఎక్కడో పోగొట్టుకున్నాడు. తినేశాడని తోటివాళ్లు ఆటపట్టించారు. నెలల తర్వాత అది ఎండిపోయి దొరికాక గానీ ఆయన మీద పడ్డ నింద పోలేదు.

మన దగ్గర ఇంటిపంటకు ఊపు తెచ్చినవి మిద్దె తోటలు. హైదరాబాదు శివారు నారపల్లిలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి కప్పు మీద పెంచిన తోట ఎందరికో దారి చూపింది. అక్కుపల్లిలో సమస్య వేరు. ఇక్కడ పెరడుంది, కానీ కొబ్బరి నీడ. ఇసుక నేల, ఉప్పుగాలి. కాబట్టి కుండీకి చోటు పెరట్లోనూ కాదు, గదిలోనూ కాదు, పొద్దున ఎండ తగిలే అరుగు మీద. రోజుకు ఆరు గంటల ఎండైనా కావాలి. అది లేకపోతే పద్నాలుగు పదహారు గంటలు ఎల్‌ఈడీ వెలుతురు చూపించాలి. కరెంటు బిల్లు చూశాక నేనైతే అరుగుకే ఓటేస్తాను.

మట్టికి వెతుక్కోనక్కర్లేదు. కొబ్బరిపీచు తీయగా మిగిలిన పొట్టు ఉద్దానంలో బోలెడు. దాన్ని మంచినీళ్లలో రెండు మూడు సార్లు కడిగి, ఉప్పు పోయాక, మాగిన పేడ ఎరువు కలుపుకోవాలి. పూత దశలో కాండాన్ని వేలితో రెండుసార్లు తట్టండి, పిందె నిలుస్తుంది. రాత్రి వేడి 24 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది. అందుకే ఆశ్వయుజ కార్తీకాల్లో విత్తాలి. తుఫాన్ల కాలమూ అదే. కుండీ ఒంటిచేత్తో ఎత్తగలిగినంతే ఉండాలని చెప్పేది ఇందుకే.

ఉద్దానంలో టమాటా గురించి రాసేవాళ్లు ఒక మాట దాచకూడదు. ఇది కిడ్నీ జబ్బుతో నలుగుతున్న నేల. టమాటాలో పొటాషియం ఎక్కువ. జబ్బు ముదిరిన వారికి డాక్టర్లు తగ్గించమనే వాటిలో కొబ్బరినీళ్లతో పాటు ఇదీ ఉంటుంది. ఇంట్లో అలాంటివారుంటే, పండు ఎర్రగా ఊరిస్తున్నా సరే, వాళ్ల కంచంలో వేసేముందు డాక్టరును అడగండి.

విత్తనం సంగతి. టైనీ టిమ్, మైక్రో-టామ్ హైబ్రిడ్లు కావు, స్థిరమైన రకాలు. బాగా పండిన ఒక కాయ గింజలు కడిగి నీడన ఆరబెట్టి దాచుకుంటే, వచ్చే ఏడు మళ్లీ కొనక్కర్లేదు.