తూర్పు వాకిటి పేర్లు: జాతీయ గౌరవముల కథ

నల్లగొండ, సూర్యాపేట దారిని హైదరాబాదు చేరువారికి ఎల్.బి. నగర్ నగరపు తూర్పు వాకిలి వంటిది. ధాన్యము సొమ్ము కొరకు వచ్చిన రైతు, చదువునకు వచ్చిన విద్యార్థి, వైద్యమునకు వచ్చిన వృద్ధుడు అందరును ఆ కూడలిలోనే బస్సు దిగుదురు. "ఎల్బీనగర్" అని ఒక్క ఊపిరిలో ఆ పేరు పలుకుదురు. ఆ రెండక్షరముల వెనుక ఎవరున్నారో తలచువారు మాత్రము అరుదు. అది లాల్ బహదూర్ నగర్. మరణానంతరము భారతరత్న పొందిన తొలి భారతీయుని పేరు అది.

2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు నడువసాగెను. ఆ మార్గమున దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి. నగర్ వరుసగా వచ్చును. వీనిలో మూడు పేర్లు మూడు కాలములకు గుర్తులు. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అను భూస్వామి తన సాగుభూమిని ఇండ్ల స్థలములుగా విభజింపగా ఏర్పడినది దిల్‌సుఖ్‌నగర్ అని ప్రతీతి. భూమి గలవాని పేరు ఊరికి నిలుచుట పాత ఆచారము. 1901లో మరణించిన బ్రిటిషు రాణి పేర సరూర్‌నగర్‌లో అనాథ బాలల కొరకు వెలసిన గృహమే విక్టోరియా మెమోరియల్. అది రాజుల కాలము. మూడవది లాల్ బహదూరుని పేరు. ఆయనకు భూమియు లేదు, కిరీటమును లేదు.

రాజుల కాలమున గౌరవమనగా బిరుదము. నిజాము కొలువులో జంగ్, దౌలా, ముల్క్ అను బిరుదములు ఉండెడివి. బ్రిటిషువారి ఏలుబడిలో రావు బహదూర్, దివాన్ బహదూర్, సర్ అను బిరుదములు వెలసినవి. ఆ బిరుదము మనుష్యుని పేరునకు అతుకుకొని, అతనిని తోటివారి కంటె ఒక మెట్టు పైన నిలుపుచుండెను. ప్రభువు మెప్పు పొందినవానికి అది దక్కును. ప్రజల మెప్పుతో దానికి పని లేదు.

స్వతంత్ర భారతము ఈ పద్ధతిని త్రోసివేసెను. రాజ్యాంగము 18వ అధికరణము ప్రకారము రాజ్యము ఎవరికిని బిరుదములీయరాదు. సైనిక సంబంధమైన, విద్యా సంబంధమైన విశిష్టతలకు మాత్రమే మినహాయింపు గలదు. శాస్త్రిగారి పేరే ఈ సూత్రమునకు చక్కని ఉదాహరణము. ఆయన తన కులమును తెలుపు ఇంటిపేరును విడిచిపెట్టిరి. "శాస్త్రి" అనునది ఎవరో ప్రభువు ఇచ్చిన బిరుదము కాదు. కాశీ విద్యాపీఠమున చదివి సంపాదించుకొన్న పట్టము.

అయినచో గణతంత్ర రాజ్యము తనకు సేవ చేసినవారిని గుర్తింపవలదా? గుర్తింపవలెను గాని, బిరుదము రూపమున గాదు. ఈ ఆలోచన నుండియే మన జాతీయ గౌరవములు పుట్టినవి.

ముందుగా సైనికుల వంతు వచ్చినది. 1950 జనవరి 26న, గణతంత్రము ఏర్పడిన నాడే, పరమవీరచక్ర, మహావీరచక్ర, వీరచక్ర పతకములు నెలకొల్పబడెను. 1947 ఆగస్టు 15 నుండి అవి వర్తించునట్లు నిర్ణయించిరి. పరమవీరచక్ర కంచు పతకము. దానిపై ఇంద్రుని వజ్రాయుధపు ప్రతిమలు నాలుగును, నడుమ రాజ్య చిహ్నమును ఉండును. స్విట్జర్లండులో జన్మించి భారత సైన్యాధికారిని వివాహమాడిన సావిత్రి ఖానోల్కర్ దానిని రూపొందించిరి. వజ్రాయుధము కొరకు తన ఎముకలనే ఇచ్చిన దధీచి మహర్షి కథ మన పల్లెలలో తెలియనివారు లేరు. ఇప్పటివరకు ఈ పతకము పొందినవారు 21 మంది. వారిలో 14 గురు అది అందుకొనుటకు బ్రతికి లేరు.

తెలంగాణము ఈ త్యాగమునకు దూరముగా లేదు. 1999లో కార్గిల్ యుద్ధమున హైదరాబాదు వాసియైన మేజర్ పద్మపాణి ఆచార్య రాజపుతానా రైఫిల్సు రెండవ పటాలములో ఒక దళమునకు నాయకుడు. జూన్ 28 రాత్రి శత్రువు గట్టి బంకరులతోను, మందుపాతరలతోను కాపాడుకొనుచున్న శిఖరమును పట్టుకొనుటకు దళమును నడిపి, గాయపడియు వెనుదిరుగక ప్రాణము లర్పించెను. ఆయనకు మహావీరచక్ర లభించెను.

ఎల్.బి. నగర్ నుండి విజయవాడ రహదారిని తూర్పుగా పోయినచో సూర్యాపేట వచ్చును. కర్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు ఆ ఊరివాడు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, 16వ బీహారు పటాలమునకు అధిపతి యయ్యెను. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన పోరులో 20 మంది భారత సైనికులు నేలకొరిగిరి. వారిలో ఆయన ఒకడు. 2021 గణతంత్ర దినమున ఆయనకు మహావీరచక్ర ప్రకటింపబడెను. అదే సంవత్సరము నవంబరులో ఆయన తల్లియు భార్యయు రాష్ట్రపతి చేతి నుండి దానిని స్వీకరించిరి. చేతిలో పతకము, ఇంటిలో శూన్యము. దాని వెల ఎంతయో తెలిసినవారు ఆ ఇంటివారే.

శత్రువు ఎదుట గాక, ఊరి నడుమ చూపు సాహసమునకును గౌరవము కలదు. అశోకచక్ర 1952లో ఏర్పడినది. సైనికులతో పాటు పోలీసులును, సామాన్య పౌరులును దానికి అర్హులే. ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ దళమునకు చెందిన కె. ప్రసాద్ బాబునకు 2014లో మరణానంతరము ఈ గౌరవము దక్కెను. సాహసము యుద్ధభూమిలోనే పుట్టదని దిల్‌సుఖ్‌నగర్ వాసులకు చెప్పనక్కరలేదు. 2007 ఆగస్టు 25న నగరమున రెండు చోట్ల బాంబులు ప్రేలినప్పుడు, దిల్‌సుఖ్‌నగర్ పాదచారుల వంతెన క్రింద మరియొక బాంబు ప్రేలక దొరకెను. దానిని నిర్వీర్యము చేసిరి. 2013 ఫిబ్రవరి 21న అట్టి అదృష్టము లేకపోయెను; ఆ సాయంకాలము రెండు ప్రేలుళ్ళలో ఇంటికి పోవు జనము ప్రాణములు కోల్పోయిరి. 2007లో ఆ బాంబు చెంతకు పోయినవారి పేర్లు నేడు ఆ దారిని నడచువారిలో ఎందరికి తెలియును?

ఇక పౌర గౌరవములు. భారతరత్న 1954లో ఏర్పడినది. మొదటి యేట రాజగోపాలాచారి, సర్వేపల్లి రాధాకృష్ణన్, సి.వి. రామన్ గార్లు దానిని పొందిరి. అప్పటి నియమము ప్రకారము అది జీవించియున్నవారికే. 1955లో ఆ నియమము సడలింపబడెను. పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ అను పేర్లు కూడ 1955లోనే స్థిరపడెను. 1964లో ప్రధానియై, 1965 యుద్ధకాలమున "జై జవాన్, జై కిసాన్" అని దేశమును మేల్కొలిపిన శాస్త్రిగారు 1966 జనవరి 10న తాష్కెంటులో శాంతి ఒప్పందముపై సంతకము చేసి, మరునాడే కన్నుమూసిరి. ఆ యేడే భారతరత్న ఆయనకు సమర్పింపబడెను. మన ప్రాంతమునకు ఆయన మరియొక విధముగా స్మరణీయులు. 1956లో మహబూబ్‌నగర్ వద్ద ఘోరమైన రైలు ప్రమాదము జరిగినప్పుడు, రైల్వే మంత్రిగా నుండిన ఆయన బాధ్యత తనదేనని రాజీనామా నిచ్చిరి. నెహ్రూ గారు అంగీకరింపలేదు. కొద్ది నెలలకే అరియలూరు ప్రమాదము జరుగగా మరల రాజీనామా నిచ్చి పదవిని విడిచిరి. పదవిని పట్టుకొన్నవారికి గాక, విడువగలిగినవారికి దేశము రత్నమని పేరు పెట్టినది.

ఈ గౌరవములు విమర్శకు లోనుగాకపోలేదు. 1977లో కేంద్రమున అధికారమునకు వచ్చిన జనతా ప్రభుత్వము పౌర గౌరవములను నిలిపివేసెను. 1980లో అవి మరల వచ్చినవి. ఇవి మారువేషము వేసిన బిరుదములే అని కొందరు న్యాయస్థానమునకు పోయిరి. 1995 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది: ఇవి బిరుదములు కావు, కనుకనే పేరునకు ముందు గాని వెనుక గాని వీనిని చేర్చి వ్రాసికొనరాదు. సభల ఆహ్వాన పత్రికలలో పేరునకు ముందు "పద్మశ్రీ" అని అచ్చువేయుట నేటికిని కనబడును. అభిమానముతో చేయు పనియే యైనను అది నియమ విరుద్ధము.

మరియొక సంగతి గ్రామస్థులు గ్రహింపదగినది. శౌర్య పతకములకు నెలసరి భత్యము గలదు. పద్మ గౌరవములకు లేదు. రాష్ట్రపతి ముద్ర గల సనదు, ఒక పతకము, ఇంతే. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరను బ్రతికించిన కళాకారుడు. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించెను. 2024 మే నెలలో ఎల్.బి. నగర్‌కు సమీపమున నున్న తుర్కయంజాల్‌లో, ఇండ్ల నిర్మాణపు పనిలో ఆయన కూలి చేయుచుండగా పత్రికలవారు చూచి వ్రాసిరి. కష్టపడి పనిచేయుట చిన్నతనము కాదు. కాని కళను మెచ్చిన సమాజము కళాకారుని ఆకలిని మరచినచో, ఆ మెప్పు సగమే యగును. రాజ్యము గౌరవమును ప్రకటించును. దానిని నిలుపవలసినవారు ఇరుగుపొరుగువారు.

గ్రంథాలయాభిమానులకు సంతోషము కలిగించు సంగతి ఒకటి ఉన్నది. అదే విజయవాడ రహదారికి చేరువలో యాదాద్రి భువనగిరి జిల్లా వెల్లంకి గ్రామము గలదు. విశ్రాంత అధ్యాపకుడైన కూరెళ్ళ విఠలాచార్యులు అచ్చట తమ ఇంటినే గ్రంథాలయముగా మార్చి, సుమారు 2 లక్షల పుస్తకములు సమకూర్చిరి. 2024లో ఆయనకు పద్మశ్రీ లభించెను. కత్తి పట్టినవారికి, కలము పట్టినవారికి మాత్రమే గాక, పల్లెలో పుస్తకపు బీరువా తెరచినవానికిని దేశము నమస్కరించినది.

పతకము పెట్టెలో నుండును. పేరు పలుకబడి పలుకబడి రెండక్షరములుగా అరిగిపోవును. అర్థము నిలుచుట గ్రంథముననే. ప్రతి గ్రామ గ్రంథాలయమును ఒక పుస్తకము తెరచి, తమ ఊరినుండి సైన్యమునకు పోయినవారి పేర్లు, పోలీసు కొలువులోను, బడిలోను, వైద్యశాలలోను మెచ్చదగిన సేవ చేసినవారి పేర్లు, వారు చేసిన పని, సంవత్సరము వ్రాసి యుంచినచో మేలు. ఢిల్లీకి తెలియని సేవ ఊరికైనను తెలియవలెను. రేపు ఊరి బాలుడు ఎల్.బి. నగర్‌లో బస్సు దిగి, "ఈ పేరెవరిది?" అని తండ్రిని అడిగినచో, ఆ తండ్రి తడుముకొనక సమాధానము చెప్పగలిగిన నాడు ఆ గౌరవము సార్థకమగును.