శిలకు పెట్టిన పేర్లు: అమరావతి, ఫణిగిరి శిల్పాల ప్రదర్శన చరిత్ర

ఉపోద్ఘాతం

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2023 జూలై 21 నుంచి నవంబరు 13 వరకు భారతీయ తొలి బౌద్ధకళపై ఒక పెద్ద ప్రదర్శనను నిర్వహించింది. క్రీ.పూ. 200 – క్రీ.శ. 400 మధ్యకాలానికి చెందిన 125కు పైగా వస్తువులను అందులో ఉంచారు. జాన్ గై రూపకల్పన చేసిన ఈ ప్రదర్శనకు 'ట్రీ అండ్ సర్పెంట్', అనగా 'వృక్షమూ సర్పమూ' అని పేరు పెట్టారు. ఆంధ్రదేశపు శిల్పాలకు, ముఖ్యంగా అమరావతి, ఫణిగిరి శిలలకు, అందులో ప్రముఖ స్థానం లభించింది.

ఈ శిల్పాల శైలి, కాలం, ఇతివృత్తాల గురించి కళాచరిత్రకారులు విస్తారంగా రాశారు. వాటిని ఏ కాలంలో ఎవరు ఏ పేరుతో పిలిచారన్న ప్రశ్న మాత్రం భాషాసాహిత్య పరిశోధకులు పట్టించుకోవలసినది. పేరు పెట్టడమంటే ఆ వస్తువు ఎవరిదో, ఎందుకు విలువైనదో నిర్ణయించడమే. దాతల శాసనాల నుంచి నేటి ప్రదర్శనల దాకా ఈ పేర్ల క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. శిల మీద దాత రాయించిన మాటను ఆ వస్తువు తొలి పరిచయంగా గుర్తించి, అక్కడి నుంచే చదువు మొదలు పెట్టాలన్నది ఇందులోని ప్రతిపాదన.

దాతల మాట

అమరావతి స్తూపాన్ని శాసనాలు 'మహాచేతియ' అని పేర్కొన్నాయి. సంస్కృతంలో ఇది మహాచైత్యం. ఆ ఊరు ధాన్యకటకం. స్తూపానికి ఫలకాలు, స్తంభాలు, సూచులు సమర్పించినవారిలో భిక్షువులు, భిక్షుణులు, గృహస్థులు, వర్తకులు ఉన్నారు. వీరి ప్రాకృత శాసనాలు పొట్టివి. అయినా వాటిలో ఒక స్థిరమైన వాక్యనిర్మాణం కనిపిస్తుంది: దాత ఎవరు, ఎవరి సంతానం, ఎవరితో కలిసి ఇచ్చారు, ఏమి ఇచ్చారు.

చర్మకారుడైన విధికుని శాసనం ఇందుకు చక్కని ఉదాహరణ. అతడు నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు. తల్లి, భార్య, సోదరులు, నాగుడనే కొడుకు, కూతుళ్లు, జ్ఞాతులు, మిత్రులు, బంధువులతో కూడి ఒక ఫలకాన్ని దేయధర్మంగా సమర్పించాడు. ఆ ఫలకానికి శాసనమే పేరు పెట్టింది: 'పుణఘటకపటో', అంటే పూర్ణఘటం చెక్కిన ఫలకం. నేడు మ్యూజియంలో ప్రతి వస్తువు పక్కన ఒక చిన్న అట్ట మీద రాసే వివరం, అంటే వస్తువు పేరు, దాని మూలం, దాత పేరు, ఇక్కడ రాతి మీదనే ఉంది. ఒక భేదం మాత్రం ముఖ్యమైనది. శిల్పి పేరు ఈ వాక్యంలో లేదు. వస్తువు కళాఖండంగా కాక దానంగా నమోదైంది. తాత పేరు మనుమడికి పెట్టుకునే ఆచారం కూడా ఈ చిన్న వాక్యంలో కనిపిస్తుంది.

దీపాలదిన్నె

బౌద్ధం క్షీణించిన తరువాత కూడా ఆ చైత్యం స్మృతి నుంచి వెంటనే తొలగిపోలేదు. 1182 నాటి కోట కేతరాజు శాసనం అమరేశ్వరాలయ స్తంభం మీద ఉంది. అందులో ధాన్యకటకాన్ని వర్ణిస్తూ శివునితో పాటు బుద్ధునీ, మిక్కిలి ఎత్తైన, చిత్రాలతో అలంకరించిన చైత్యాన్నీ పేర్కొన్నారు. బుద్ధుని సన్నిధిలో దీపాలకు దానమూ చేశారు.

ఆ తరువాతి శతాబ్దాలలో స్తూపం మట్టిదిబ్బగా మారింది. 18వ శతాబ్ది చివర కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేసరికి స్థానికులు దానిని 'దీపాలదిన్నె' అంటున్నారు. కేతరాజు నాటి దీపదానాల నుంచే ఆ పేరు పుట్టిందని నిర్ధారించడం తొందరపాటు. కాని తెలుగులో ఈ స్థలానికి మిగిలిన పేరు ఇది. దానిలో మతం పేరు లేదు, రాజు పేరూ లేదు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిని రాజధానిగా నిర్మిస్తున్న కాలమది. దిన్నెలోని రాళ్లు కొత్త కట్టడాలకు, కోనేటి మెట్లకు తరలిపోయాయి. 1816లో మెకంజీ మళ్లీ వచ్చి తన సిబ్బంది చేత శిల్పాల చిత్రాలు గీయించాడు. తరువాత కనుమరుగైన ఫలకాలలో కొన్నిటి రూపం ఆ చిత్రాలలోనే మిగిలింది.

'ఇలియట్ మార్బుల్స్'

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకాలు జరిపి శిల్పాలను మద్రాసుకు పంపాడు. అక్కడ వాటికి 'ఇలియట్ మార్బుల్స్' అనే పేరు స్థిరపడింది. ఈ పేరులో రెండు పొరపాట్లున్నాయి. ఈ శిల చలువరాయి కాదు, పలనాటి సున్నపురాయి. ఇక యాజమాన్యం తవ్వించిన అధికారికి దక్కింది. గ్రీసు నుంచి లండనుకు తరలిన 'ఎల్గిన్ మార్బుల్స్' పేరును అది స్ఫురింపజేస్తుంది. విధికుని వంటి దాతల పేర్లు శిలల మీదనే ఉండగా, సంచయానికి ఇలియట్ పేరు వచ్చింది.

1859లో శిల్పాలలో ఒక పెద్ద భాగం లండనుకు చేరింది. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ వాటిని ఒక బండ్లశాలలో గుర్తించి, వాటి ఛాయాచిత్రాలను పారిస్ ప్రదర్శనలో ఉంచాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి మారాయి. అదే సంవత్సరం మద్రాసు గవర్నరు ఆదేశం మేరకు అమరావతిలో దిబ్బ మొత్తాన్ని తవ్వించారు. దిన్నె ఉన్నచోట గొయ్యి మిగిలింది. దీపాలదిన్నె అనే పేరుకు ఆధారమైన వస్తువే లేకుండా పోయింది.

బ్రిటిష్ మ్యూజియంలో 1992లో ఈ శిల్పాలకు ప్రత్యేకమైన గదిని ఏర్పాటు చేశారు. దానికి ఆర్థిక సహాయం చేసిన జపాను పత్రిక 'అసాహి షింబున్' పేరు ఆ గదికి పెట్టారు. దాత పేరును రాసి ఉంచే ఆచారం ఈ విధంగా మళ్లీ కనిపిస్తుంది. అయితే ఇప్పుడు దాత శిలను ఇచ్చినవాడు కాదు, శిలను చూపించే గదిని ఇచ్చినవాడు.

వృక్షమూ సర్పమూ

1868లో ఫెర్గుసన్ సాంచి, అమరావతి శిల్పాలపై ప్రచురించిన గ్రంథం 'ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్'. చెట్లను, పాములను ఆరాధించడం ఆర్యేతర జాతుల లక్షణమని ఆయన భావించాడు. శిల్పంలోని మూర్తులను జాతుల వారీగా విభజించి చదివాడు. 2023 ప్రదర్శన ఈ శీర్షికలో 'ఆరాధన' అనే మాటను వదిలి, మిగిలిన రెండు మాటలను నిలుపుకొంది. బౌద్ధానికి ముందునుంచి ఉన్న యక్ష, నాగ విశ్వాసాలను బౌద్ధం తనలో కలుపుకొన్న తీరును చూపడానికి ఈ పేరు ఉపకరించింది. జాతిసిద్ధాంతం తొలగింది, దాని నుంచి పుట్టిన పదబంధం నిలిచింది. అదే ప్రదర్శన 2023 డిసెంబరులో సియోల్‌లోని కొరియా జాతీయ మ్యూజియానికి వెళ్లినప్పుడు అక్కడ 'స్తూపాల అడవి' అనే అర్థం గల పేరు పొందింది. శిలలు అవే అయినా సర్పం శీర్షిక నుంచి జారిపోయింది.

తెలుగువారికి ఈ సర్పం కొత్తది కాదు. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి పేరులోనే పడగ ఉంది. 1940లలో నిజాం పురావస్తుశాఖ గుర్తించిన ఈ స్థలంలో, 2000 తరువాతి తవ్వకాలలో శిల్పాలు చెక్కిన తోరణపు దూలాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరపు శాసనం ఇక్కడిదే. రాజవైద్యుని ధర్మచక్రదానాన్ని అది పద్యరూపంలో చెప్పింది. అందువల్ల ఫణిగిరి శిల్పక్షేత్రమే కాక, సాహిత్యచరిత్రకు కూడా చెందిన స్థలం.

అమరావతి శిలాఖండం మీది 'నాగబు' అనే మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి తొలి తెలుగు పదంగా గుర్తించిన సంగతి మన శాఖలన్నిటిలో బోధించే విషయం. పగిలిన రాతి మీది ఒక్క మాటపై భాషాచరిత్ర భారమంతా మోపలేము. అయినా 'నాగ' శబ్దానికి తెలుగు ప్రత్యయం చేరిందన్న ఆ వాదం, ప్రాకృతం రాస్తున్న చేతుల వెనుక తెలుగు పలికే నోళ్లు ఉండవచ్చునని మనకు గుర్తుచేస్తుంది. విధికుని తండ్రి పేరూ కొడుకు పేరూ నాగుడే. ఫెర్గుసన్‌కు సర్పం ఒక జాతి చిహ్నం. నేటి ప్రదర్శనకు అది కళలోని ఇతివృత్తం. దాతలకు అది ఇంటిలో పిలుచుకునే పేరు. ఈ మూడవ అర్థం కళాచరిత్ర గ్రంథాలలో అరుదుగా కనిపించేది. దానిని వెలికి తీయవలసినవారు భాషాపరిశోధకులు.

ముగింపు

మహాచేతియం, దీపాలదిన్నె, ఇలియట్ మార్బుల్స్, వృక్షమూ సర్పమూ, స్తూపాల అడవి: ఈ పేర్లలో మొదటి రెండే ఆ స్థలంలో పుట్టినవి. ఒకటి శాసనభాషలోను, మరొకటి జనుల నోటను నిలిచింది. మిగిలినవి శిలలు కదిలిన తరువాత వచ్చినవి. ఆ పేర్లూ చరిత్రలో భాగాలే కనుక వాటిని తుడిచివేయడం పరిష్కారం కాదు. చేయవలసిన పని వేరే ఉంది. అమరావతి, ఫణిగిరి దానశాసనాల పాఠాలను, వాటిలోని వస్తునామాలను, బంధుత్వపదాలను, వృత్తినామాలను తెలుగు వివరణతో ఒకచోట కూర్చాలి. అప్పుడు ఏ దేశపు మ్యూజియంలోనైనా పూర్ణఘటం పక్కన 'చర్మకారుడు విధికుడు, తల్లితోను కూతుళ్లతోను కలిసి ఇచ్చినది' అని రాయడానికి ఆధారం మన చేతిలో ఉంటుంది. శిలలు ఎక్కడ ఉండాలన్న వివాదం ప్రభుత్వాలు తేల్చుకోవలసినది. శిల ఏమి చెబుతున్నదో చదివి చెప్పే బాధ్యత మాత్రం తెలుగు శాఖలది.