మస్టరు చదివి వినిపించేదెవరు?

పేదల కోసం సర్కారు విడుదల చేసిన రూపాయి దారిలో ఎక్కడ ఆగిపోయిందో తేల్చడం పాత చిక్కే. ఈ విషయంలో మన చంద్రపూర్ జిల్లాది ప్రత్యేకమైన స్థానం. పనిని హక్కుగా ఇచ్చిన చట్టం పుట్టింది మనం బతుకుతున్న మహారాష్ట్రలో. దాని లెక్కలను ఊరి నడుమ చదివించే పద్ధతి గట్టిపడింది సరిహద్దుకు అవతల ఉన్న తెలుగు నేలలో.

1965లో సాంగ్లీ జిల్లా విసాపూర్‌లో (మన బల్లార్‌పూర్ దగ్గరి విసాపూర్ కాదు) వి. స. పాగే ప్రోద్బలంతో ఉపాధి హామీని మొదట ప్రయోగించి చూశారు. 1972 నాటి ఘోరమైన కరువు దానిని రాష్ట్రమంతటికీ తెచ్చింది. పట్టణ జీతగాళ్ల దగ్గర వృత్తి పన్ను వసూలు చేసి పల్లె కూలికి ఖర్చు పెట్టారు. 1977లో చట్టం చేశారు. 1979 జనవరి 26న అమలులోకి వచ్చింది.

డబ్బుంది, చట్టముంది. మరి తనిఖీ? కూలీల హాజరు మస్టరులో ఎక్కేది. దానిని పై అధికారి చూసేవాడు, ఆయనను ఇంకా పై అధికారి చూసేవాడు. శాసనసభ్యుల కమిటీ కూడా ఉండేది. కానీ తన పేరు ఎదుట ఎన్ని రోజులు రాశారో కూలివాడికి తెలిసే దారి లేదు. పనికి రానివారి పేర్లు మస్టరులో చేరడానికి ఈ చీకటే అండ.

ఆ చీకటిని చీల్చింది రాజస్థాన్ కూలీలు. 1994 డిసెంబరులో కోట్‌కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పనుల లెక్కలను జనం ముందు బిగ్గరగా చదివించింది. 2005లో వచ్చిన జాతీయ ఉపాధి హామీ చట్టం గ్రామసభ చేత సామాజిక తనిఖీ జరగాలని 17వ సెక్షనులో రాసింది. 2006 ఫిబ్రవరిలో ఆ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తొలి 200 జిల్లాలలో ఇటు చంద్రపూర్, అటు ఆదిలాబాద్ రెండూ ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్ కూలీల ఇళ్ల పిల్లలకే మస్టరు చదవడం నేర్పి ఇంటింటికీ పంపింది. ఆపైన మండలంలో అందరి ఎదుట విచారణ. 2009లో ఇందుకోసం వేరే సంస్థనే పెట్టింది. తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది కొద్ది భాగమే. ఆ లోటు దాచరానిది. అయినా కాగితం కూలివాడి భాషలో పలికింది.

మన చిక్కు ఇక్కడే. రాజురా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లా తాలూకా. అక్కడి తెలుగు కూలికి మస్టరు మరాఠీలో ఉంటుంది. మరాఠీ రాజ్యభాష, దానితో మనకు తగువు లేదు. అయితే చదివి వినిపించడమే తనిఖీ అయినప్పుడు, వినేవాడికి అర్థం కాని చదువు సగం తనిఖీయే. గ్రామసభలో రెండు భాషలూ వచ్చిన మనవాడు ఒకడు లేచి ఆ పేర్లను, రోజులను, రూపాయలను తెలుగులో చెప్పితే చాలు. అందుకు కొత్త చట్టం అక్కరలేదు.