పాపమా, నేరమా?

పాపమును నేరమును ఒకటియేనా అని నిన్నెవరైన అడిగినయెడల ఏమి చెప్పుదువు? ఇంగ్లాండు దేశము ఈ ప్రశ్నతో నాలుగు వందల ఏండ్లకు పైగా పెనుగులాడెను.

పురుషుడు పురుషునితో కూడుట పూర్వము అచ్చట సంఘపు న్యాయస్థానములు విచారించు సంగతి. 1533లో ఎనిమిదవ హెన్రీ రాజు కాలమున పార్లమెంటు దానిని రాజ్యశాసనము క్రిందికి తెచ్చి మరణశిక్ష విధించెను. సంఘపు చేతినుండి అధికారమును లాగుకొనుచున్న రాజే ఈ పని చేసెనని గమనింపుము. 1835లో లండనులో ఇద్దరిని ఈ నేరమునకై ఉరితీసిరి. ఆ శిక్ష 1861 వరకు తొలగిపోలేదు. ఈలోగా 1860లో ఆ శాసనపు నీడ మన శిక్షాస్మృతిలో 377వ సెక్షనుగా పడెను.

తరువాత జరిగినది అనేకులు ఎరుగరు. 1954లో ఆంగ్లికను సంఘపు నైతిక సంక్షేమ మండలివారు తమంతట తామే విచారణ చేసి, ఈ చట్టము మారవలెనని వ్రాసిరి. 1957లో వుల్ఫెండెను కమిటీ, వయస్సు వచ్చినవారు ఇష్టపూర్వకముగా ఏకాంతమందు చేయునది నేరముగా ఉండరాదని నివేదించినప్పుడు, కాంటర్బరీ ఆర్చిబిషపు ఫిషరుగారు సమ్మతించిరి. ఆయన తరువాత వచ్చిన రామ్సేగారు ప్రభువుల సభలో చట్టసవరణను బలపరచిరి. 1967లో అది నెరవేరెను. అది పాపము కాదని వారనలేదు. పాపమే యని చెప్పుచునే, చెరసాల దానికి మందు కాదనిరి. ఇట్లు చెప్పుటకు ధైర్యము కావలెను. స్వంత సంఘస్థులలోనే కోపించినవారు కొద్దిమంది కారు.

అయితే శిక్ష తీసివేయుట వేరు, వివాహమను పేరిచ్చుట వేరు. 2013లో సజాతి వివాహపు బిల్లు వచ్చినప్పుడు ఆర్చిబిషపు వెల్బీగారు దానికి విరోధముగా మాటలాడిరి. సామాన్యుల సభలో రెండవ పఠనమందు 400 మంది అనుకూలముగాను 175 మంది ప్రతికూలముగాను ఓటు వేసిరి. ఏ బోధకుని బలవంతపెట్టరాదని ఆ చట్టములోనే వ్రాసిరి. ఆంగ్లికను ఆలయములలో అట్టి వివాహములు జరుగవు. క్వేకరులు మాత్రము 2009లోనే తమ ఆరాధనలో వాటిని జరుపుటకు తీర్మానించుకొనిరి. బిషపుల మాటయే చట్టమై నిలిచినయెడల క్వేకరుల మనస్సాక్షి ఏమి కావలెను? ఈ ప్రశ్నకు ఆనాటి వాదములలో తగిన జవాబు నాకు కనబడలేదు.

మన సుప్రీం కోర్టు 2018లో, వయస్సు వచ్చినవారి ఇష్టపూర్వక సంబంధమును నేరముల పట్టికనుండి తీసివేసెను. పిమ్మట వివాహపు హక్కు కోరి వచ్చినవారిలో హైదరాబాదు వాస్తవ్యులు ఇద్దరుండిరి. వారు ఏ గుడి తలుపును తట్టలేదు. మతప్రసక్తి లేని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము క్రింద, రిజిస్ట్రారు కచేరిలో సంతకము చేయనిమ్మని అడిగిరి. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులు, అది తాము ఇయ్యగలది కాదు, పార్లమెంటు ఆలోచింపవలసినది అని చెప్పి వారిని పంపివేసిరి.