పథకం పేరు మారినా.. అడంగలే ఆధారం

రైతుకు సర్కారు సాయం ఒకప్పుడు బస్తాల్లో వచ్చేది. తొలకరికి ముందు ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల రైతులు రాయితీ విత్తన వేరుశనగ కోసం తెల్లవారకముందే మండల కేంద్రాలకు చేరి బారులు తీరేవారు. ఎరువుల రాయితీ బస్తా ధరలోనే కలిసి ఉండేది. 2003లో ప్రారంభమైన సూక్ష్మ నీటిపారుదల పథకం కింద బిందు సేద్య పరికరాలు, 2004 మే నుంచి బోర్లకు ఉచిత విద్యుత్తు అందాయి. వీటిలో ఏదీ నగదు రూపంలో రైతు చేతికి వచ్చేది కాదు. 2019 నుంచి వీటికి తోడు మరో దారి తెరుచుకుంది. పెట్టుబడి సాయం పేరిట సొమ్మును నేరుగా బ్యాంకు ఖాతాలో జమచేయడం మొదలైంది.

ఆ తరువాత పథకాల పేర్లు మారాయి, మొత్తాలు మారాయి, విడతల తేదీలు మారాయి. సొమ్ము ఎవరికి చేరాలో తేల్చే కాగితం మాత్రం మారలేదు. అడంగల్‌లో, 1బిలో పట్టాదారుగా ఎవరి పేరు ఉంటే వారే లెక్కలో రైతు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో దున్నేవారు ఒకరు, రికార్డులో పేరున్నవారు మరొకరు కావడం అరుదేమీ కాదు. సాయం పెరిగేకొద్దీ ఈ తేడా విలువ కూడా పెరుగుతూ వచ్చింది.

ఒకే ఏడాదిలో మూడు పథకాలు

2019 సంవత్సరం రైతులను అయోమయంలో పడేసిందనే చెప్పాలి. ఫిబ్రవరి 1న తాత్కాలిక బడ్జెట్‌లో కేంద్రం పీఎం-కిసాన్‌ను ప్రకటించింది. ఏటా రూ.6 వేలను మూడు విడతలుగా ఇచ్చే ఈ పథకం అదే నెల 24న గోరఖ్‌పూర్‌లో ప్రారంభమైంది. మొదట రెండు హెక్టార్లలోపు రైతులకే పరిమితం చేసి, ఎన్నికల అనంతరం జూన్‌లో ఆ హద్దును తొలగించారు. అదే ఫిబ్రవరిలో రాష్ట్రంలోని తెలుగుదేశం ప్రభుత్వం అన్నదాత సుఖీభవను తెచ్చింది. కేంద్ర సాయానికి అర్హులైన చిన్న, సన్నకారు రైతులకు రాష్ట్రం రూ.9 వేలు కలిపి మొత్తం రూ.15 వేలు, ఐదెకరాలు దాటినవారికి రూ.10 వేలు ఇస్తామన్నది అప్పటి హామీ. కొంత సొమ్ము జమయ్యేలోగానే ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది, పథకం నిలిచిపోయింది.

దాని స్థానంలో వైఎస్సార్ రైతు భరోసా 2019 అక్టోబరు 15న నెల్లూరు జిల్లాలో ప్రారంభమైంది. ఏడాదికి రూ.12,500 చొప్పున నాలుగేళ్లు ఇస్తామన్న హామీని రూ.13,500 చొప్పున ఐదేళ్లకు మార్చారు. ఇందులో రూ.6 వేలు కేంద్రానివి, రూ.7,500 రాష్ట్రానివి. మేలో రూ.7,500, అక్టోబరులో రూ.4 వేలు, జనవరిలో రూ.2 వేలు వచ్చేలా విడతలు ఖరారు చేశారు.

2024 ఎన్నికల్లో తెలుగుదేశం కూటమి ఏటా రూ.20 వేల హామీతో అధికారంలోకి వచ్చింది. 2024-25లో రాష్ట్ర వాటా జమ కాలేదు. ఆ ఏడాది రైతుకు అందింది కేంద్రం ఇచ్చిన రూ.6 వేలే. అన్నదాత సుఖీభవ 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శిలో తిరిగి మొదలైంది. రాష్ట్రం రూ.14 వేలు, కేంద్రం రూ.6 వేలు భరించేలా, తొలి రెండు విడతల్లో రూ.7 వేల చొప్పున, మూడో విడతలో రూ.6 వేలు ఇచ్చేలా నిర్ణయించారు. రెండో విడత నవంబరు 19న కడప జిల్లా వేదికగా విడుదలైంది.

కేంద్రం సొమ్మును కలిపి తమ హామీని లెక్కగట్టారని ప్రతిపక్షాలు విమర్శించడం పరిపాటి. ఈ విషయంలో రెండు ప్రభుత్వాలదీ ఒకే తీరు. రైతు భరోసాలోని రూ.13,500లోనూ, సుఖీభవలోని రూ.20 వేలలోనూ ఆ రూ.6 వేలు కలిసే ఉన్నాయి.

ఐదు లక్షల మంది తేడా

2025 ఆగస్టు నాటి తొలి విడత అంకెలను కాస్త నిదానంగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. రాష్ట్రవ్యాప్తంగా 46.85 లక్షల రైతు కుటుంబాలకు రాష్ట్రం తన వాటాగా రూ.2,342 కోట్లకు పైగా ఇచ్చింది. కేంద్రం వాటా రూ.831 కోట్లు. రూ.2 వేల చొప్పున భాగిస్తే కేంద్ర సాయం అందినవారు సుమారు 41.5 లక్షల మందే. అంటే ఐదు లక్షలకు పైగా కుటుంబాలకు రూ.7 వేలకు బదులు రూ.5 వేలే చేరాయి.

పీఎం-కిసాన్‌కు భూమి యాజమాన్యం విషయంలో 2019 ఫిబ్రవరి 1ని గడువుగా పెట్టడం ఈ వ్యత్యాసానికి ఒక కారణం. ఆ తేదీ తరువాత భూమి కొన్నవారికి, దానంగా పొందినవారికి కేంద్ర సాయం వర్తించదు. పట్టాదారు మరణించి వారసత్వంగా భూమి సంక్రమిస్తే మాత్రం మినహాయింపు ఉంది. తండ్రి కాలం చేసినా మ్యుటేషన్ చేయించుకోని కుటుంబాలు ఈ మినహాయింపును అందుకోలేకపోతున్నాయి. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని ఎవరి చెక్క వారు దున్నుకుంటున్న చోట, పాసుపుస్తకం పెద్దాయన పేరునే ఉంటే మూడు కుటుంబాలకు వచ్చేది ఒక్కరి సాయమే.

ఆదాయపు పన్ను చెల్లించేవారు, నాలుగో తరగతి మినహా ప్రభుత్వ ఉద్యోగులు, నెలకు రూ.10 వేలు, ఆపై పింఛను పొందేవారు కేంద్ర పథకానికి అనర్హులు. కుటుంబమంటే భార్య, భర్త, మైనరు పిల్లలు. ఇంట్లో ఒక్కరు పన్ను కట్టినా మిగిలినవారికి సాయం ఆగుతుంది.

భూమి స్వభావం మరో చిక్కు. యజమాని పేరు రాయాల్సిన చోట రీసెటిల్‌మెంటు రిజిస్టరులో చుక్కలు పెట్టి వదిలేసిన భూములను చుక్కల భూములంటారు. వీటి పరిష్కారానికి 2017లో చట్టం వచ్చింది. అయినా పేరు ఎక్కేదాకా వాటిని సాగుచేసేవారు వెబ్‌ల్యాండ్ లెక్కలో లేనట్టే. ఆలయాలు, మఠాల భూములు సంస్థల పేరిట ఉంటాయి గనుక పీఎం-కిసాన్ వాటికి వర్తించదు. తిరుపతి పరిసరాల్లో ఇటువంటి భూములపై ఆధారపడ్డ కుటుంబాలకు దిక్కు రాష్ట్ర వాటాయే. రైతు భరోసాలో దేవాదాయ భూముల సాగుదారులకూ, అటవీ హక్కు పత్రాలున్నవారికీ మొత్తం రూ.13,500 రాష్ట్రమే ఇచ్చేలా నిబంధన పెట్టారు.

అర్హత ఉన్నా సొమ్ము అందనివారిలో చాలామందిది బ్యాంకు సమస్య. ఆధార్ ఆధారంగా జరిగే చెల్లింపు రైతు చెప్పిన ఖాతాకు కాక, ఎన్‌పీసీఐ వద్ద ఆధార్‌తో అనుసంధానమై ఉన్న ఖాతాకు వెళుతుంది. బెంగళూరులో కూలి పనికి వెళ్లినప్పుడు తెరిచిన ఖాతా చివరగా ఆధార్‌కు ముడిపడి ఉంటే, ఊళ్లోని సహకార బ్యాంకు పుస్తకంలో ఎంత వెతికినా సొమ్ము కనిపించదు. ఆ అనుసంధానం నిర్జీవమైతే చెల్లింపు వెనక్కి పోతుంది. ఈకేవైసీ పూర్తికాకపోతే అసలు జాబితాలోనే ఆగిపోతుంది.

సంతకం పెట్టని యజమాని

అందరికంటే చివర నిలిచేది కౌలు రైతు. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం ప్రకారం కౌలు ఒప్పందం రాతపూర్వకంగా, ఆరేళ్లకు తక్కువ కాకుండా ఉండాలి. రాసిస్తే భూమిపై హక్కు అడుగుతారన్న భయంతో యజమానులు నోటిమాట కౌలుకే మొగ్గుచూపుతూ వచ్చారు. 2011లో వచ్చిన అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. దాన్ని తొలగించి 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల గడువుతో సీసీఆర్‌సీ కార్డును ప్రవేశపెట్టింది. భూమి హక్కుకు ఎటువంటి భంగం ఉండదని చట్టంలోనే రాసినా, కార్డు రావాలంటే యజమాని సంతకం తప్పనిసరి. అక్కడే కథ ఆగిపోతోంది.

రైతు భరోసాలో సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు రాష్ట్రమే పూర్తి సాయం ఇచ్చింది. మిగతా వర్గాల కౌలుదారుకు అవకాశం దక్కలేదు. అర్హులైన వర్గాల్లోనూ కార్డు చేతిలో లేనివారికి మొండిచేయే. పీఎం-కిసాన్‌లో కౌలుదారు ప్రస్తావనే లేదు. ఎండాకాలంలో తీసుకున్న అప్పుతో టమాటా నాటి, ధర పడిపోతే నిండా మునిగేది కౌలుదారు. యజమాని పట్నంలో ఉన్నా పెట్టుబడి సాయం అతని ఖాతాలోనే పడుతుంది. కౌలు ధర తేల్చేటప్పుడు దాన్ని తగ్గించుకునే యజమానులు లేకపోలేదు. అది వారి మంచితనమే తప్ప నిబంధన కాదు.

మామిడికి మరో లెక్క

ఎకరాలతో, అడంగల్‌తో కాక కిలోతో ముడిపడిన సాయాన్ని 2025 వేసవిలో చిత్తూరు జిల్లా చూసింది. ఎగుమతులు మందగించి, గత సీజను గుజ్జు నిల్వలు గోదాముల్లో మిగిలిపోవడంతో తోతాపురి ధర కుప్పకూలింది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలిచాయి. టోకెన్ల కోసం రైతులు కాయలతోపాటే కాపు కాశారు. కర్ణాటక నుంచి తోతాపురి రాకను నిషేధిస్తూ జూన్ 7న కలెక్టరు ఉత్తర్వులివ్వగా, దానిపై అక్కడి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రికి లేఖ రాశారు.

కిలోకు ఫ్యాక్టరీ రూ.8 ఇవ్వాలని, ప్రభుత్వం మరో రూ.4 రైతు ఖాతాలో వేస్తుందని, మొత్తం రూ.12 దక్కుతుందని ప్రకటన వెలువడింది. దిగుబడి అంచనా 6.5 లక్షల టన్నులు, ప్రభుత్వంపై భారం రూ.260 కోట్లు. మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం జులైలో క్వింటాలుకు రూ.1,490.73 ధర నిర్ణయించి, 1.62 లక్షల టన్నులకు ధర వ్యత్యాసం చెల్లింపును ఆమోదించింది. ఉత్పత్తిలో నాలుగో వంతుకే ఈ పథకం వర్తిస్తుంది. చెల్లించే వ్యత్యాసం కూడా నిర్ణీత ధరలో నాలుగో వంతు దాటరాదు. లెక్క కడితే సాయం రూ.60 కోట్లకు అటూఇటూ. అందులో కేంద్రం భరించేది సగం. మిగిలినదంతా రాష్ట్రం నెత్తిన పడింది.

ఈ పద్ధతిలో సాయం పంటను బట్టి పెరుగుతుంది. 20 టన్నులు తోలిన రైతుకు రూ.4 చొప్పున రూ.80 వేలు వస్తాయి. ఇది సుఖీభవ కింద ఏడాదికి వచ్చేదానికి నాలుగు రెట్లు. ఆ మేరకు మామిడి రైతుకు ఇది ఊరటే. చిక్కంతా ఆ రూ.8 దగ్గరే వచ్చింది. ఫ్యాక్టరీలు అంత ఇవ్వలేదని, చెల్లింపులు ఆలస్యం చేశాయని రైతు సంఘాలు ఆందోళనకు దిగాయి. రూ.8కి బదులు రూ.5 ముట్టినా అదే 20 టన్నుల రైతు రూ.60 వేలు కోల్పోతాడు. ప్రభుత్వం ఇచ్చిన రూ.4లో మూడు రూపాయలు ఆ గండి పూడ్చడానికే సరిపోతాయి. ప్రభుత్వం తన రూ.4 జమచేయగలదు గానీ, ఎదుటివారి రూ.8 పూచీ తీసుకునే యంత్రాంగం లేదని ఆ సీజను తేల్చింది.

కిలో లెక్కలోనూ కాగితం ఉంది. అది తూకం చీటీ. పూత దశలోనే తోటను వ్యాపారికి గుత్తకిచ్చే ఆనవాయితీ ఉన్న ప్రాంతంలో కాయ తోలేది ఒకరు, తోట మరొకరిది. చీటీపై ఎవరి పేరు, ఖాతా రాయిస్తే సొమ్ము వారిదవుతుంది. గుత్త మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతి తేల్చుకోకపోతే తరువాత పంచాయితీ తప్పదు.

ఈ-పంటలో పేరుంటే

పంట నష్టానికి ఇచ్చే పెట్టుబడి రాయితీది వేరే దారి. 33 శాతం, అంతకు మించి పంట దెబ్బతింటే కేంద్ర విపత్తు సహాయ ప్రమాణాల ప్రకారం వర్షాధార పైరుకు హెక్టారుకు రూ.8,500, నీటి వసతి ఉన్నదానికి రూ.17 వేలు, తోటలకు రూ.22,500 చొప్పున రెండు హెక్టార్ల వరకు వస్తుంది. ఇందుకు ఈ-పంట నమోదు ఆధారం. సీసీఆర్‌సీ లేకున్నా, సాగు చేస్తున్న వ్యక్తిగా కౌలుదారు తన పేరు ఇందులో నమోదు చేయించుకునే వీలుంది. వేలిముద్ర వేసి ధ్రువీకరించేదాకా ఆ నమోదు పూర్తికానట్టే.

పంటల బీమాలోనూ మార్పు జరిగింది. గత ప్రభుత్వ హయాంలో రైతు వాటాను రాష్ట్రమే కట్టేది. 2024-25 రబీ నుంచి రైతే ప్రీమియం చెల్లించే విధానం తిరిగి వచ్చింది. ఫసల్ బీమా కింద ఆహార, నూనెగింజల పంటలకు ఖరీఫ్‌లో బీమా మొత్తంపై 2 శాతం, రబీలో 1.5 శాతం, ఉద్యాన పంటలకు 5 శాతం రైతు భరించాలి. గడువులోగా ప్రీమియం కట్టని వేరుశనగ రైతుకు, వాన ముఖం చాటేసినా పరిహారం అందదు.

సుఖీభవ జాబితాలో పేరు లేనివారు గ్రామంలోని రైతు సేవా కేంద్రంలో అర్జీ ఇవ్వవచ్చు. 155251 నంబరుకు ఫోన్ చేసి తిరస్కరణకు కారణం తెలుసుకోవచ్చు. కారణం మ్యుటేషన్ అయితే తహసీల్దారు కార్యాలయం, ఆధార్ అనుసంధానమైతే బ్యాంకు, ఈకేవైసీ అయితే రైతు సేవా కేంద్రం ఆ పని చేస్తాయి. సీసీఆర్‌సీ ఉన్న కౌలుదారు 11 నెలలు నిండేలోగా మళ్లీ యజమాని సంతకం తెచ్చుకోవాలి.