కాటా మీద ఇల్లు

విజయవాడ ఆటోనగర్, మిట్టమధ్యాహ్నం. షెడ్డు రేకులు కాలుతున్నాయి. పక్క షెడ్డులో లారీకి బాడీ కడుతున్నారు. సమ్మెట దెబ్బలకి మీరేమన్నా పక్కవాళ్ళకి వినపడదు. వెల్డింగ్ మెరుపు నుంచి కళ్ళు తిప్పుకుని, టేపు పట్టుకుని, ప్రయాణాల్లో పడుకునే ఇల్లుగా మార్చాలనుకున్న మీ ఇసుజు వి-క్రాస్ వెనక నిలబడ్డారు. శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న పికప్ ఇది. ఒకరకంగా మన ప్రాంతపు బిడ్డే.

తొట్టి పొడవు కొలుస్తారు. సుమారు అయిదడుగులు. మీరేమో అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. చక్రాల గూళ్ళ ఎత్తున పలక పరిస్తే ఐమూలగా ఒక్కరు పడుకోవచ్చు. ఇంకొకరు కూడా ఉన్నారంటే టెయిల్‌గేట్ దించాలి, మడత పలక దానిమీదికి చాపాలి, చుట్టూ టార్పాలిన్ గుడ్డ బిగించాలి. పైన టెంటు పెట్టే మార్గమూ ఉంది. కానీ యాభై అరవై కిలోలు నెత్తిన పెట్టుకుని ఘాట్ రోడ్డు మలుపులు తిరగడం మీకు ఇష్టం లేదు.

"తొట్టి మీది టాపుకి యాంగిలర్‌తో ఫ్రేము కట్టేస్తా బాబూ, ఏనుగెక్కినా కదలదు," అంటారు మేస్త్రి.

ఆయన చెయ్యి లారీల మీద తిరిగిన చెయ్యి. గట్టిదనమంటే ఆయనకి ఇనుమే. మీరు అల్యూమినియం అంటారు. ఆయన ముఖం చిట్లిస్తారు. అదే కొలతకి ఇనుములో మూడోవంతు బరువే గాని, అంత బిగువు ఉండదు, సెక్షను పెద్దది పెట్టాలి, ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాణ్ణి వేరే పిలవాలి. "ఖర్చవుద్ది," అని ఊరుకుంటారు.

పొద్దున్నే ఖాళీ బండిని కాటా ఎక్కించి వచ్చారు మీరు. ముందు మొత్తం బండి, తర్వాత వెనక చక్రాలు మాత్రమే. ఆ చీటీ జేబులో ఉంది. ఆర్‌సీలో రాసిన గరిష్ఠ బరువులోంచి చీటీలో అంకె తీసేస్తే మిగిలేదే మీ ఆస్తి. అందులోనే మీరు, పక్కన కూర్చునేవాళ్ళు, టాపు, మంచం, బ్యాటరీ, నీళ్ళు. నలభై లీటర్ల నీళ్ళంటే నలభై కిలోలు, దానికి బేరం లేదు.

"వెనక ఒక పట్టీ ఎక్కువేద్దాం," అంటారు మేస్త్రి, కమాన్ స్ప్రింగుల కట్టను కాలితో తడుతూ. ఈ సలహా ప్రతి షెడ్డులోనూ దొరుకుతుంది, సగం మంది వింటారు కూడా. పట్టీ వేస్తే బండి కుంగదు, నిజమే. అయితే యాక్సిల్, బ్రేకులు, టైర్లు పాతవే. ఆర్‌సీలో అంకె కూడా మారదు. కుంగిన బండి కనీసం కంటికి కనపడుతుంది, పట్టీ వేసిన బండి ఆ నిజాన్ని దాచేస్తుంది. ఖాళీగా వెళ్ళిన రోజున వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. వద్దంటారు మీరు.

మరో షరతు: తొట్టికి వెల్డింగ్ పెట్టకూడదు, అన్నీ బోల్టులే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన బండి రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. 2019లో సుప్రీంకోర్టు ఆ మాట మళ్ళీ గట్టిగా చెప్పింది. సామాను లెక్కన విప్పి ఇంట్లో పెట్టుకోగలిగేలా ఉంటే మీకూ నిశ్చింత.

ఇక్కడ మాత్రం మేస్త్రి మీకు పాఠం చెబుతారు. టాపు ముందు అంచుని క్యాబిన్‌కి ఆనించి బిగించమంటే ఒప్పుకోరు. జాకీ తెప్పించి ఒక్క వెనక చక్రాన్ని పైకి లేపిస్తారు. "చూడండి," అంటూ క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందు చూపిస్తారు. ఒక పక్క సన్నబడింది, మరో పక్క వెడల్పయింది. ఛాసిస్ మెలి తిరిగినప్పుడు రెండూ వేటికవే కదులుతాయి. కలిపి బిగిస్తే గతుకుల్లో ఏదో ఒకటి చీలుతుంది. ఆయన ప్రతి బోల్టు కిందా మందపాటి రబ్బరు ముక్క, వెడల్పాటి వాషరు వేయిస్తారు. లారీ బాడీలు నేర్పిన ఒడుపు ఇది, ఏ వీడియోలోనూ ఇంత తేటగా చూసి ఉండరు మీరు.

కరెంటు పని తొందరగానే అవుతుంది. వంద ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ పన్నెండు కిలోల పైచిలుకు. అంతే సామర్థ్యమున్న లెడ్ బ్యాటరీ ముప్ఫై దాకా తూగుతుంది, పైగా సగమే వాడుకోవాలి. ఇంజను బ్యాటరీ జోలికి పోకుండా డీసీ-డీసీ ఛార్జరు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే. స్టవ్ మాత్రం లోపల వద్దు: మూసిన టాపు కింద మంట వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ వాసనైనా రాకుండా ప్రాణం తీస్తుంది. జారుడు పలక వెనక్కి లాగి బయటే వంట.

పనంతా పూర్తయిన రోజు సాయంత్రం సామానంతా ఎక్కించి మళ్ళీ కాటా. మొత్తం బరువు హద్దులోనే ఉంది. వెనక చక్రాల అంకె మాత్రం మీరనుకున్న దానికంటే ఎక్కువ. నీళ్ళ డబ్బా, గ్యాస్ బండ రెండూ టెయిల్‌గేట్ దగ్గర పెట్టారు కదా, వెనక యాక్సిల్ దాటి ఉన్న బరువు ముందు చక్రాలని తేలుస్తుంది. నీళ్ళని క్యాబిన్ వైపుకి జరుపుతారు. బండ దించేసి, చేతిలో పట్టే బ్యూటేన్ డబ్బాల స్టవ్వు చాలనుకుంటారు. కాటా అబ్బాయి మూడో చీటీ ఇస్తూ, "ఇల్లు మారుతున్నారా సార్?" అంటాడు.

ఇక బండిని నడిపి చూడాలి. యనమలకుదురు దాటి కరకట్ట మీద తోట్లవల్లూరు వైపు. పక్కన అరటి తోటలు, కంద చేలు. గతుకు వచ్చినప్పుడల్లా చెవి వెనక్కి వెళుతుంది. టాపు కిర్రుమనడం లేదు. పలక దడదడలాడుతోంది, చిన్న గొళ్ళెంతో పోయేదే. మట్టి దారిలోకి దిగి కాసేపు తిప్పి, ఆపి, వెనక తలుపు తీస్తారు.

పరుపు మీద సన్నటి దుమ్ము. వేలితో రాస్తే గీత పడుతుంది. బండి పరిగెడుతుంటే వెనక గాలి పీడనం తగ్గి, సుడి తిరిగే దుమ్ముని ప్రతి సందూ లోపలికి పీల్చుకుంటుంది. టార్చి పట్టుకుని అంచులు వెతుకుతారు. టెయిల్‌గేట్ కింది మడతబందుల దగ్గర, రెండు పక్కలా దొరికింది.

మేస్త్రికి ఫోను చేస్తారు.

"అక్కడ బీడింగు చాలదు బాబూ, లావుది వేద్దాం. పైన ముందు వైపు గాలి లోపలికి వచ్చేలా ఒక మూత, దానికి ఫిల్టరూ పెడదాం. లోపల గాలి నిండుగా ఉంటే దుమ్ము రాదు. రేపు పొద్దున్నే వచ్చెయ్యండి. అన్నట్టు, బోల్టులు చూశారా?"

పదమూడు నంబరు పానా తీసి మొదటి బోల్టు మీద పెడతారు. అర చుట్టు తిరిగింది.