కందిరీగ తూటా

స్ప్రింగ్‌ఫీల్డ్, మసాచుసెట్స్. 1920ల చివరి రోజులు.

అమెరికా సైన్యానికి రైఫిళ్లు తయారుచేసే ఆయుధాగారం అది. అక్కడి కెప్టెన్ గ్రోవ్‌నర్ వాట్‌కిన్స్‌కు నిద్ర పట్టనివ్వనిది శత్రుదేశం కాదు, వుడ్‌చక్! పిల్లి అంత ఉండే ఈ జంతువు పొలాల్లో బొరియలు తవ్వుతుంది, పంట కొరుకుతుంది. కాల్చిపెడతామంటే ఏ రైతూ వద్దనడు. చిక్కల్లా తుపాకీతోనే. సైన్యం వాడే .30 క్యాలిబర్ రైఫిల్ పేలిస్తే ఊరు ఉలిక్కిపడుతుంది. గురి తప్పిన గుండు మైళ్ల దూరం పోతుంది. .22 రిమ్‌ఫైర్ చప్పుడు తక్కువే కానీ, వంద గజాలు దాటితే దాన్ని నమ్మలేం.

వాట్‌కిన్స్ దృష్టి 1885 నాటి ఓ పాత తూటా మీద పడింది. పేరు .22 డబ్ల్యూసీఎఫ్. సన్నటి ఇత్తడి గొట్టం. పొగలు చిమ్మే తుపాకీమందు కాలం నాటిది. అందులో పొగరాని మందు నింపి, తేలికపాటి గుండు బిగిస్తే?

కల్నల్ టౌన్సెండ్ వీలెన్‌కు ఆ ఆలోచన నచ్చింది. తుపాకుల మీద వ్యాసాలు రాసే మనిషి, గురి అంటే ప్రాణం. కెప్టెన్ వుడీ, ఆల్ వుడ్‌వర్త్ కూడా చేయి కలిపారు. శిక్షణకు వాడే .22 రైఫిళ్లకు కొత్త తూటా పట్టేలా తూటా ఇమిడే గదిని మార్చి కాల్చి చూశారు. మూడు గ్రాములైనా లేని గుండు సెకనుకు 700 మీటర్లు దాటి దూసుకుపోయింది. నేలకు తగిలితే తునాతునకలు. ఎగిరి పక్క పొలంలో పడుతుందన్న భయం తగ్గింది.

దానికి హార్నెట్, అంటే కందిరీగ అని పేరు పెట్టారు.

1930లో వించెస్టర్ కంపెనీ ఆ తూటాలను అమ్మకానికి పెట్టింది. తమాషా ఏమిటంటే, వాటిని కాల్చే రైఫిల్ అప్పటికి ఏ దుకాణంలోనూ లేదు! అభిమానులు తూటాలు కొనుక్కుని, పాత రైఫిళ్లు పట్టుకుని తుపాకీ మేస్త్రీల దగ్గరికి వెళ్లారు. కంపెనీల రైఫిళ్లు ఆ తర్వాతే వచ్చాయి.

ఇక రెండో అంకం. రెమింగ్టన్ కంపెనీ ఇంజనీరు మైక్ వాకర్ స్వయంగా గురి పోటీల్లో పాల్గొనేవాడు. పాత తూటాల ఇత్తడి తొడుగుల జోలికి పోకుండా కొత్తగా .222 రెమింగ్టన్‌ను రూపొందించాడు. 1950లో అది బజారుకొచ్చింది. చిన్న జంతువుల వేటగాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. గురి పోటీల్లో దాదాపు పాతికేళ్లు దానిదే రాజ్యం.

1957 నాటికి అమెరికా సైన్యం ఆలోచన మారింది. తేలికపాటి రైఫిల్ కావాలి, 500 గజాల దూరంలో ఉక్కు హెల్మెట్‌ను గుండు ఛేదించాలి. .222కు ఆ బలం చాల్లేదు. తొడుగును కాస్త పొడిగించారు. అదే .223 రెమింగ్టన్, సైనిక భాషలో 5.56 మిల్లీమీటర్లు. 1980లో నాటో కూటమి ఆ కొలతనే ప్రమాణంగా తీసుకుంది.

సైన్యం పెద్ద గుండునే నమ్ముకున్న రోజుల్లో, వుడ్‌చక్ పిడికెడు తలకు గురిపెట్టేవాళ్లు చిన్న గుండు సత్తాను కనిపెట్టారు. స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్లకు జీతమిచ్చేది సైన్యమే అయినా, ఈ పని చేయించింది మాత్రం వాళ్ల సరదా.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట సరదాకు కళ్లెం పడింది. ఆ కొలత తూటా మాత్రం మన దాకా వచ్చింది. 1999లో కార్గిల్ కొండలెక్కిన మన జవాన్ల చేతుల్లోని ఇన్సాస్ రైఫిల్ పేల్చింది 5.56 తూటానే.